సేవకు జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభ గనుక నేను సాహిత్యమును గూర్చి మాట్లాడుదునని మీలో పెక్కుమంది తలచియుందురు. పగలు లెక్కలు వ్రాయుచు, సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్ల యొద్ద కూర్చుండి గురువు లేకయే భారత భాగవతములు చదివికొన్న వాడను. కావున మనస్సు ఆ వైపునకే పోవుచుండును. కాని కార్యవర్గమువారు నాకు వేరొక విషయము నిర్ణయించిరి. మన పిల్లలు డిగ్రీ పరీక్ష ముగించి, ఐసెట్ అను ప్రవేశ పరీక్ష వ్రాసి, ఎం.బి.ఏ.లో చేరుచున్నారు. అందు మార్కెటింగును ప్రత్యేక విషయముగా గైకొన్నవారికి ‘సేవల మార్కెటింగు, సేవల నిర్వహణము’ అను పాఠము తటస్థించుచున్నది. ఆ మాట విన్న తలిదండ్రులు గ్రంథాలయమునకు వచ్చి, ‘సేవ చేయుట కూడ విశ్వవిద్యాలయములో నేర్చుకొనవలెనా? సేవను అంగడిలో పెట్టి అమ్ముట యేమి ధర్మము?’ అని ప్రశ్నించుచున్నారు. ఈ రెండు ప్రశ్నలకును నాకు తోచిన సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ఈ ప్రశ్నలు వినోదమునకు అడిగినవి కావు. ఫీజు కట్టుటకు అప్పుచేసిన ఇండ్లు కలవు, గుంటల లెక్కన భూమి అమ్మిన ఇండ్లు కలవు. ఆ సొమ్ము దేనికి పోయినదో, తిరిగి యేమి వచ్చునో తెలిసికొను హక్కు ఆ తల్లికి, ఆ తండ్రికి కలదు.

ముందుగా మన చుట్టును చూచుకొందము. ఈ ఇబ్రహీంపట్నము పేరు చెప్పగానే కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు జ్ఞప్తికి వచ్చును. చెరువు నిండినచో వరి పండును. వరి పండినచో అందరికి పని దొరకును. మన పెద్దల ఆర్థిక శాస్త్రమంతయు ఆ కట్టమీదనే ఉండెడిది. నేడు నాగార్జునసాగర్ రహదారి వెంట నిలువబడి చూడుడు. ఇంజనీరింగు కళాశాలలు, ఆసుపత్రులు, బ్యాంకులు, ఫంక్షన్ హాళ్లు, భోజనశాలలు, ఫోనులు బాగుచేయు కొట్లు కనబడును. ఉదయముననే నగరమునకు పోవు బస్సులలో ఎక్కువమంది ఏదో ఒక సేవలో ఉద్యోగము చేయువారే. తెలంగాణ రాష్ట్రములో ఒక సంవత్సరమున సృష్టింపబడు ఆదాయములో మూడింట రెండు పాళ్లకు దగ్గరగా సేవారంగము నుండియే వచ్చుచున్నది. పొలము దున్నుటకు శాస్త్రమున్నది, యంత్రము నడుపుటకు శాస్త్రమున్నది. ఇంతమంది బ్రదుకు ఆధారపడిన పనికి మాత్రము శాస్త్రము వలదనుట న్యాయము కాదు.

ఇక సరకునకు, సేవకు భేదమేమో చూతము. శాస్త్రజ్ఞులు నాలుగు లక్షణములు చెప్పుదురు. వానిని మన ఊరి ఉదాహరణములతో చెప్పెదను.

మొదటిది, సేవ కంటికి కనబడదు, చేతికి చిక్కదు. బియ్యము కొనువాడు గుప్పెడు తీసి చూచి, నోట వేసికొని, నూక ఎంతయో కనుగొనును. వైద్యుని నైపుణ్యమును గుప్పెడు తీసి చూచుట ఎట్లు? రెండవది, సేవ పుట్టుట, ఖర్చగుట ఒక్క సమయముననే జరుగును. కుండ చేసినపుడు కొనువాడు ప్రక్కన ఉండనక్కరలేదు. క్షౌరము చేయించుకొనువాడు మాత్రము తల అప్పగించి కూర్చుండవలసినదే. మూడవది, ఒకే సేవ ప్రతిసారి ఒకే తీరుగ ఉండదు. ఉదయము నవ్వుచు పలుకరించిన గుమాస్తా మధ్యాహ్నము విసుగుకొనవచ్చును. నాలుగవది, సేవను గాదెలో నిల్వచేయలేము. ఇబ్రహీంపట్నము నుండి ఖాళీ సీట్లతో బయలుదేరిన బస్సు ఆ సీట్లను మరునాటికి దాచుకొనజాలదు. బస్సు కదలినంతనే అవి నశించినవి.

ఈ నాల్గవ లక్షణము లెక్కలవానికి మిక్కిలి చిక్కు కలిగించును. నిల్వ లేని సరకునకు ఖాతా వ్రాయుట ఎట్లు? 2005 ఆగస్టు 15న హైదరాబాదు నగరములో ప్రారంభమైన 108 అంబులెన్సును తలచుకొనుడు. బండి, అందలి సిబ్బంది పిలుపు కొరకు కాచుకొని ఊరకనున్న గంటలను నష్టము క్రింద వ్రాయవలెనా? అట్లు వ్రాసి బండ్లు తగ్గించినచో పిలుపు వచ్చినపుడు బండి ఉండదు. అచ్చట సిద్ధముగా నుండుటయే సేవ. బస్సులో ఖాళీ నష్టము, అంబులెన్సులో ఖాళీ రక్షణము. ఈ వివేచనమును నేర్పునది సేవల నిర్వహణ శాస్త్రము. ‘సేవ చేయుట నేర్చుకొనవలెనా?’ అను మొదటి ప్రశ్నకు ఇది నా సమాధానములో ఒక భాగము.

ఈ శాస్త్రము వయస్సులో చిన్నది. 1977వ సంవత్సరములో లిన్ షోస్టాక్ అను అమెరికా మహిళ ఒక వ్యాసము ప్రకటించెను. ఆమె అప్పుడు సిటీబ్యాంకులో వైస్ ప్రెసిడెంటు. సబ్బులు, మోటారుబండ్లు అమ్ముటకు పుట్టిన సూత్రములు బ్యాంకు సేవకు అతుకవని ఆమె వాదించెను. అనుభవము గల ఉద్యోగిని లేవదీసిన ప్రశ్న గనుక ఆచార్యులు చెవియొగ్గిరి. 1981లో బూమ్స్, బిట్నర్ అను ఇరువురు, మార్కెటింగులో అంతవరకు చెప్పుచుండిన వస్తువు, వెల, స్థలము, ప్రచారము అను నాల్గింటికి మరి మూడు చేర్చిరి. అవి సేవచేయు మనుష్యులు, పని జరుగు క్రమము, కంటికి కనబడు ఆనవాళ్లు. ఆసుపత్రి గోడ శుభ్రత, బ్యాంకు రశీదు, కండక్టరు యూనిఫారము ఇవియన్నియు ఆనవాళ్లే. సేవ కనబడదు గనుక జనులు కనబడు దానిని బట్టి కనబడని దానిని ఊహించుకొందురు.

షోస్టాక్ 1984లో మరియొక ఉపాయము చెప్పెను. ఇల్లు కట్టుటకు ముందు మేస్త్రి పటము గీసినట్లు, సేవకును పటము గీయవచ్చునని ఆమె మతము. ఉదాహరణగా ఆమె గైకొన్నది వీధి మూలలో బూట్లకు పాలిష్ పెట్టువాని పని. దుమ్ము తుడుచుట, పాలిష్ పూయుట, మెరుగు పెట్టుట, డబ్బు పుచ్చుకొనుట అని వరుసగా గీసి, ఎచ్చట పొరపాటు జరుగుటకు వీలున్నదో అచ్చట గుర్తు పెట్టెను. వేరు రంగు పాలిష్ పూయుట అట్టి చోటు. పటము నడుమ ఒక గీత ఉండును. గీతకు పైనున్నది గిరాకికి కనబడు పని, క్రిందనున్నది కనబడని పని. పాలిష్ డబ్బీలు ముందుగా కొని ఉంచుకొనుట గీత క్రింది పని. సామాన్యముగా తప్పులు గీత క్రింద పుట్టి గీత పైన బయటపడుచుండును. అంత చిన్న పనికి అంత ఆలోచన పెట్టుట చూచి నాకు నవ్వు రాలేదు, గౌరవము కలిగినది. పనిని చిన్నదని తలచనివాడే దానిని చక్కగా చేయగలడు.

ఇచ్చట భారతమును ఒక్కసారి తలచుటకు అనుమతింపుడు. తిక్కన సోమయాజి విరాటపర్వము చదివినవారికి తెలియును. అజ్ఞాతవాసమునకు పోయిన పాండవులు మత్స్యదేశములో అమ్మినది తమ సేవలనే. ధర్మజుడు కంకుడై, భీముడు వలలుడై, అర్జునుడు బృహన్నలయై, నకుల సహదేవులు దామగ్రంథి తంత్రీపాలులై, ద్రౌపది సైరంధ్రియై రాజనగరు చేరిరి. విరాటునికి వారి నైపుణ్యము కంటికి కనబడదు. గుప్పెడు తీసి చూచుటకు వీలులేదు. మరి ఆతడెట్లు నమ్మెను? వారి ఆకారము, నడవడిక, మాట తీరు చూచెను. ఇవి నేను చెప్పిన ఆనవాళ్లు. వలలుడు ధర్మరాజు వంటశాలలో వండితినని, దామగ్రంథి ఆతని గుఱ్ఱములను చూచితినని, తంత్రీపాలుడు ఆతని ఆలమందల లెక్క ఉంచితినని చెప్పుకొనిరి. పూర్వము పనిచేసిన చోటి పేరు చెప్పుకొనుట నేటి ఉద్యోగార్థులును చేయునదే. ఆలమందల లెక్కగాడైన ఆ సహదేవుని మీద నాకు కొంచెము ఎక్కువ అభిమానము కలదని మీరు అనుకొన్నచో నేను కాదనను.

వారు ఊరక పోలేదు. బయలుదేరునపుడు ధౌమ్యుడు వారిని కూర్చుండబెట్టి కొలువులో ఎచ్చట నిలువవలెనో, ఎప్పుడు పలుకవలెనో, లోపలి సంగతి వెలుపల ఏల చెప్పరాదో బోధించెను. రాజ్యమేలిన వీరులకే సేవ చేయుటకు ముందు శిక్షణము కావలసివచ్చినది. మన పిల్లలు నేర్చుకొనుటలో చిన్నతనమేమున్నది?

ఇప్పుడు ఈ శాస్త్రములో నాకు అన్నింటికంటె ఇష్టమైన భాగము చెప్పెదను. అది లెక్కల పుస్తకమువలె ఉండును. మన దేశమున చదివి అమెరికాలో ఆచార్యులైన పరశురామన్‌గారు, జైథమల్, బెర్రీ అను మరి ఇరువురితో కలసి, బ్యాంకు, క్రెడిట్ కార్డు, వాటాల దళారీ వ్యాపారము, యంత్రముల మరమ్మతు అను నాలుగు సేవలను పరిశీలించి 1985లో ఒక సిద్ధాంతము ప్రకటించిరి. సేవలో గుణమనగా, పొందువాడు ఆశించిన దానికిని, పొందితినని తలచిన దానికిని నడుమ గల తేడాయే అని దాని సారము. ఒక ప్రక్క ఆశ, ఒక ప్రక్క అనుభవము వ్రాసి తేడా తీయవలెను. ఆ తేడా ఎచ్చట పుట్టినదో కనుగొనుటకు వెనుకకు పోయినచో నాలుగు సందులు కనబడునని వారు చెప్పిరి.

దీనిని మన గ్రంథాలయమునకు అన్వయింతము. చందాదారులు వార్తాపత్రికను పొలమునకో, బస్సునకో పోకముందే చదువగోరుదురనుకొనుడు. కార్యవర్గము వారికి నవలలే కావలెనని తలచినచో అది మొదటి సందు, కోరిక తెలియకపోవుట. కోరిక తెలిసియు తలుపు తెఱచు వేళను తెల్లవారుజామునకు మార్చకపోయినచో రెండవ సందు, నియమము చేయకపోవుట. నియమము చేసియు తాళపుచెవి గలవాడు ఆలస్యముగా వచ్చినచో మూడవ సందు; నియమము నడువకపోవుట. తలుపు తెఱవకున్నను ఫలకము మీద ఆరు గంటలని వ్రాసియుంచినచో నాల్గవ సందు. మాటకు చేతకు పొత్తు లేకపోవుట. ఈ నాలుగు కూడి చదువరి మనస్సులో అయిదవ సందుగా, అనగా అసంతృప్తిగా నిలుచును. ఆతడు ఫిర్యాదు చేయడు. మఱునాటి నుండి రాడు. మనము ‘ఊరిలో చదువుమీద ఆసక్తి తగ్గినది’ అని నిట్టూర్చెదము. లోపము ఏ సందులో నున్నదో వెదుకకుండ జనులను నిందించుట లెక్క తప్పిన గుమాస్తా కాగితమును నిందించినట్లుండును.

రెండవ సందు పూడ్చుటకు మన ప్రాంతముననే ఒక ఉదాహరణ కలదు. 2001లో హైదరాబాదులో ఈసేవ కేంద్రములు పెట్టి కరెంటు, నీళ్లు, ఫోను బిల్లులను ఒక్క కిటికీ యొద్ద కట్టు ఏర్పాటు చేసిరి. 2011 నవంబరులో మీసేవ వచ్చినది. కొన్ని పత్రములు అప్పటికప్పుడును, కొన్ని నిర్ణీతమైన గడువులోను ఇయ్యవలెనని నియమము చేసిరి. గడువు అను మాట కాగితమున కెక్కిననాడే ‘రేపు రమ్ము’ అను మాటకు లెక్క చెప్పవలసి వచ్చును. గడువులన్నియు ఎల్లప్పుడు నిలిచినవని నేననను. నిలువనపుడు అడుగుటకు ఒక కొలబద్ద చేతికి వచ్చినదని మాత్రము చెప్పగలను.

అదే ఆచార్యులు 1988లో సేవాగుణమును కొలుచుటకు అయిదు లక్షణములు నిర్ణయించిరి: చెప్పినది చెప్పినట్లు చేయు విశ్వసనీయత, పిలిచిన వెంటనే పలుకు చురుకు, పని తెలిసినవాడను భరోసా, ఎదుటివాని స్థితి తెలిసికొను సానుభూతి, కంటికి కనబడు సాధన సంపత్తి. వారడిగిన జనులు వీనిలో విశ్వసనీయతకే అగ్రస్థానమిచ్చిరి. చలువరాతి నేల, అద్దాల గోడలు చివరకు పోయినవి. సత్యవాక్యమునకు మించిన ధర్మము లేదని చెప్పిన పురాణములు చదివిన మనకు ఇది వింతగా తోచదు. అయినను కొలిచి చూచి చెప్పుట వేరు, నమ్మి చెప్పుట వేరు. విశ్వవిద్యాలయము మొదటి దానిని నేర్పును.

కొలత తెలిసినవారు ఎంత మేలు చేయగలరో కంటి ఆసుపత్రుల వలన తెలియుచున్నది. 1976లో మధురైలో డాక్టర్ జి. వెంకటస్వామిగారు సర్కారు ఉద్యోగము నుండి విరమించిన పిమ్మట 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి స్థాపించిరి. వైద్యుడొకరికి శస్త్రచికిత్స చేయుచుండగా ప్రక్క బల్లమీద మరియొక రోగిని సిద్ధపరచి యుంచు క్రమమును అచ్చట ఏర్పరచిరి. వైద్యుని కాలము వృథా కాలేదు; డబ్బిచ్చువారి సొమ్ముతో డబ్బులేనివారికి చూపు వచ్చినది. 1993లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఆ ఆసుపత్రిని గూర్చి పాఠమే వ్రాసిరి.

మన హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పిరి. 1996లో నాటి ఆదిలాబాదు జిల్లా ముధోలులో గ్రామీణ కేంద్రము తెఱచిరి. తరువాత గోపురమువలె శ్రేణులు కట్టిరి: అడుగున పల్లెల సమీపమున కంటి పరీక్ష కేంద్రములు, వాని పైన శస్త్రచికిత్స చేయు చిన్న ఆసుపత్రులు, ఆ పైన నగరములోని పెద్ద ఆసుపత్రులు. అడుగు కేంద్రములలో కూర్చుండువారు స్థానికముగా ఎన్నుకొని శిక్షణమిచ్చిన పల్లె యువతీ యువకులే. కండ్లద్దములు కావలసినవాడు అందుకొరకు నగరమునకు పోనక్కరలేదు. పెద్ద వైద్యుడు అద్దముల కొరకు వచ్చినవానితో కాలము గడుపనక్కరలేదు. ఎవరి పని ఎచ్చట జరుగవలెనో నిర్ణయించుటయే ఇందలి విద్య.

ఈ మాటలు చెప్పుచు మన ఊరి దుఃఖమును దాటిపోజాలను. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నము సర్కారు దవాఖానలో ఒక్క దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. తరువాతి కొలది దినములలో వారిలో నలుగురు మరణించిరి. పిల్లలున్న తల్లులు, ఆరోగ్యముతో నడచి లోపలికి పోయినవారు. సర్కారు విచారణ జరిపించెను, చర్యలు తీసికొనెను. ఆ విచారణకు పైన తీర్పు చెప్పుటకు నేనెవడను? ఒక్క సంగతి మాత్రము చెప్పుదును. పుచ్చిన విత్తనమును అంగడికి తిరిగి ఇయ్యవచ్చును. జరిగిపోయిన సేవను తిరిగి ఇయ్యలేము. సేవ పుట్టుట, ఖర్చగుట ఒక్క క్షణముననే అని ఇంతకు ముందు చెప్పితిని. ఆ వాక్యము పరీక్ష కాగితమున వ్రాయునపుడు రెండు మార్కులది, దవాఖాన గుమ్మమున నిలుచునపుడు ప్రాణముల విలువ గలది. మధురైలో ఒక్క దినమున ఎందరికో చికిత్స జరుగుచున్నది. కావున ఎక్కువమందికి చేయుట తనంతట తప్పు కాదు. ఎంతమందికి చేయవచ్చునో ఆ సంఖ్యకు తగిన పరికరములు, శుద్ధి, చేతులు, చికిత్స పిమ్మటి కావలి ముందుగా లెక్కించి సిద్ధపరచవలెను. ఈ లెక్క తెలిసినవారు ప్రతి దవాఖానలోను ఉండవలెను. మన పిల్లలలో ఒక్కరైనను ఈ చదువు చదివి దవాఖాన నిర్వహణములో చేరుదురేని, ఆ ఫీజు వ్యర్థము కాలేదని నేను సంతకము చేయగలను.

ఇక రెండవ ప్రశ్న: సేవను అమ్ముట ధర్మమా? మనము సేవ యనగానే దేవుని సేవ, గురు సేవ తలచుకొందుము. వెల కట్టుట అపచారముగా తోచును. కాని చాకిరి చేసినవానికి వెల ఇయ్యకపోవుట అంతకంటె పెద్ద అపచారము. పూర్వము వెట్టిచాకిరి పేర సేవకు వెల లేకుండ చేసిన కాలమును తెలంగాణము చూచినది. వెల లేని సేవ యెంత క్రూరముగా నుండునో మన తాతలు ఎఱుగుదురు. సభాపర్వములో నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, సైనికులకు భత్యము, జీతము తగిన సమయమున ఇచ్చుచున్నావా అని కూడ ప్రశ్నించును. జీతము ఆలస్యమైనచో సేవకుని మనస్సు చెడునని ఆ ఋషికి తెలియును. నేటి శాస్త్రమును ఇదియే చెప్పుచున్నది: ఉద్యోగిని ఆదరించని సంస్థ గిరాకిని ఆదరింపజాలదు. సంస్థ మొగము జనులకు కనబడునది ఆ చిన్న ఉద్యోగి మొగముననే గదా!

అమ్మకమునకు హద్దును కూడ భారతమే చూపినది. సైరంధ్రిగా సుదేష్ణ యొద్ద చేరునపుడు ద్రౌపది, ఎంగిలి ముట్టనని, పాదములు కడుగనని ముందే చెప్పినది. పని అమ్మెను, మానము అమ్మలేదు. మన పిల్లలు ఎండలో, వానలో బండ్లమీద భోజనపు పొట్లములు చేరవేయుచున్నారు. రాత్రులు మేల్కొని ఫోనులో దూరదేశపు వారి ఫిర్యాదులు వినుచున్నారు. వారిని ‘ఏరా’ అని పిలుచు హక్కు ఆ రుసుముతో కొనబడలేదు. రేపు నిర్వాహకులు కాబోవు విద్యార్థులు ఈ హద్దును పాఠములో చదివినను చదువకున్నను, మనస్సున వ్రాసికొనవలెను. సేవకు, దాస్యమునకు నడుమ నున్న గోడ అదియే.

ఇప్పుడు తలిదండ్రులకు కొన్ని ఆచరణీయములైన మాటలు. కళాశాలయు సేవను అమ్మునదే. కావున ఈ శాస్త్రమును మొదట దానిమీదనే ప్రయోగింపుడు. భవనము, బస్సు, రంగుల కరపత్రము చూచి మోసపోకుడు. అవి ఆనవాళ్లు మాత్రమే. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి కలదా, ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధము, పాఠము చెప్పువారు స్థిరముగా నుండువారా అని విచారింపుడు. గత సంవత్సరము ముగించిన ఇద్దరు ముగ్గురు విద్యార్థులను వెదకి మాటాడుడు. విరాటుడు చేసినట్లు పూర్వ చరిత్రము అడుగుడు. ఉద్యోగములను గూర్చి నోటితో చెప్పిన మాటను కాగితముపై వ్రాసి ఇయ్యుమనుడు. వ్రాయుటకు వెనుదీసినచో మీకు నాల్గవ సందు అప్పుడే కనబడినది.

పని విడచి చదువలేని వారికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో స్థాపింపబడిన అది దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఉద్యోగము చేయుచు చదువువానికి ఒక లాభము కలదు: ఉదయము చదివిన పాఠమును మధ్యాహ్నము తన కొట్టులోనే పరీక్షించుకొనవచ్చును.

విద్యార్థులారా, మీకును ఒక మాట. నిర్వచనములు కంఠస్థము చేసిన మాత్రమున ఈ విద్య రాదు. బ్యాంకులో ఒక పూట కూర్చుండి వరుస ఎట్లు పెరుగుచున్నదో వ్రాసికొనుడు. బస్సు నిలయమునకు పొండు. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైన పిమ్మట రద్దీ ఏ వేళ ఎట్లు మారినదో పరిశీలింపుడు. డబ్బు రూపమున వెల పోయినను, నిరీక్షణము, నిలువుకాళ్ల ప్రయాణము అను రూపమున వెల మిగిలియుండవచ్చును. ఇట్టి వెల జమాఖర్చుల పుస్తకములో కనబడదు. చూచి వ్రాసికొన్నవానికే కనబడును.

చివరగా మన గ్రంథాలయమును గూర్చి. గ్రంథాలయ శాస్త్ర పితామహులు ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో అయిదు సూత్రములు ప్రకటించిరి. అందు నాల్గవది చదువరి కాలము వృథా కారాదని బోధించును. అమెరికాలో సేవల మార్కెటింగు అను పేరు ప్రచారమునకు వచ్చుటకు నలువది ఏండ్లకు పైగా ముందే, మన దేశపు గణితోపాధ్యాయులొకరు గ్రంథాలయమును సేవగా తలచి నియమములు కట్టిరని గర్వింపవచ్చును. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి ప్రాంతమున కాలువలో పడవమీద గ్రంథములు తీసికొనిపోయి, ఒడ్డున నున్న చదువరులకు అందించిరి. చదువరి రాలేనపుడు గ్రంథమే పోవలెనని వారికి ఏ పాఠ్యగ్రంథమును చెప్పలేదు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలు మన చిన్న పఠనాలయము వరకు, ఈ సంస్థలు నిలిచినది ఇట్టి శ్రద్ధ వలననే.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. మనకు వచ్చిన గ్రంథముల పట్టిక ఉన్నది, ఇచ్చిన గ్రంథముల పట్టిక ఉన్నది. చదువరి అడిగియు మనము ఇయ్యలేని గ్రంథముల పట్టిక లేదు. ఈ సంవత్సరము నుండి దానికొక పుస్తకము తెఱువుడు. ఎవరు, ఏ దినమున, ఏ గ్రంథమడిగిరో ఒక్క పంక్తిలో వ్రాయుడు. ఐసెట్ పుస్తకమడిగిన బాలిక, పశువైద్యమడిగిన రైతు, పెద్ద అక్షరముల రామాయణమడిగిన అవ్వ, వీరందరి కోరికలు అందు జమ యగును. ఆరు నెలలకొకసారి ఆ పుస్తకము ముందుంచుకొని కొనుగోళ్లు నిర్ణయింపుడు. ఎం.బి.ఏ. చదువు మన పిల్లలను పిలిచి, ఆ పట్టికను విమర్శించి నివేదిక వ్రాయుమనుడు. వారికి పాఠము, మనకు మేలు. లెక్క వ్రాయుటకు మనిషి కావలసినచో, ప్రతి ఆదివారము ఒక గంట వచ్చి వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను.